ఇంజెరా పిండి కేసు

రెస్టారెంట్లు తనిఖీ చేసే మనిషిని భోజనానికి పిలవాలంటే ఎవరైనా కొంచెం జంకుతారు. ఇక్కడ వర్జీనియాలోని షాంటిలీలో మా స్నేహితుల ఇళ్ళకి పార్టీలకి వెళ్ళినప్పుడు నేను వంటింటి వైపు అడుగు వేయగానే, "అమ్మో, ఇన్‌స్పెక్టర్ ఆంటీ వచ్చేశారు, పెరుగు ఫ్రిజ్‌లో పెట్టేయండి" అని ఎవరో ఒకరు అరిచేవాళ్ళు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. కానీ ఆ పెరుగు నిజంగానే ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోయేది.

రిటైరయ్యాక ఇప్పుడు పబ్లిక్ హెల్త్ చదివే మన పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తున్నారు. "ఆంటీ, మీ సర్వీస్‌లో మోస్ట్ మెమరబుల్ కేస్ ఏది?" అని అడుగుతారు. ఎలుకలు, బొద్దింకలు, సీల్ వేసిన తలుపుల గురించి చెబుతానని వాళ్ళ ఆశ. అవీ ఉన్నాయి, లేకపోలేదు. అయితే నేను చెప్పేది మాత్రం ఇంజెరా పిండి సంగతి. ఇంజెరా అంటే ఇథియోపియావాళ్ళు పులిసిన పిండితో పోసుకునే అట్టు. ఇందులో ఎవరూ దొంగలు కారు. ముగ్గురు మంచివాళ్ళు ఒకరితో ఒకరు ఏకీభవించలేకపోయిన కథ ఇది. ఉద్యోగంలో చేరాక మీకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇలాంటివే.

తెనాలిలో నేను కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పేదాన్ని. మావారి ఉద్యోగంతో వర్జీనియా వచ్చాక కొన్నేళ్ళు ఇంట్లోనే ఉండి, పరీక్షలు రాసి, ఇంటికి దూరంగా ఉన్న ఒక కౌంటీలో ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. తెల్లకోటు, టార్చిలైటు, థర్మామీటరు, ఇవే నా ఆయుధాలు. మా పని సారాంశం ఒక్క మాటలో చెప్పాలంటే, తడి ఉన్న తిండిని చల్లగా అయినా ఉంచాలి, వేడిగా అయినా ఉంచాలి. అటూ ఇటూ కాకుండా బల్లమీద వదిలేస్తే అందులో జబ్బు పెరుగుతుంది.

మా సూపర్‌వైజర్ ఒకప్పుడు నేవీలో వంటమనిషి. ఓడల మీద వందలాదిమందికి వండి పెట్టి, ఆ తర్వాత చదువుకుని ఈ శాఖలోకి వచ్చారు. ఎత్తైన మనిషి, నెమ్మదైన గొంతు. ఆయన తర్వాత మా ఆఫీసులో అంతటి అనుభవం ఉన్నది ఒక అమెరికన్ ఆవిడకి. మేమంతా ఆవిడని సీనియర్ అనే అనేవాళ్ళం. ఆవిడ కారు పార్కింగ్‌లో కనిపిస్తే చాలు, రెస్టారెంటు వంటింట్లో గ్లవ్స్ కోసం పరుగులు మొదలయ్యేవని చెప్పుకునేవారు.

ఆ కఠినత్వం ఊరికే రాలేదని నాకు చెప్పింది మా సూపర్‌వైజరే. చాలా ఏళ్ళ క్రితం ఒక హోటల్లో, వండి బయట వదిలేసిన అన్నం చూసి, ఆవిడ మందలించి వదిలేశారట. కొన్నాళ్ళకి అదే హోటల్లో అలాంటి అన్నమే తిన్న ఒక పాప ఆస్పత్రి పాలయింది. పాప బతికింది. కానీ ఆ తర్వాత మా సీనియర్ ఎవర్నీ మాటతో వదిలిపెట్టలేదు.

ఒక వసంతకాలంలో మా కౌంటీలో లాండ్రీ షాపు పక్కన ఇథియోపియన్ రెస్టారెంట్ ఒకటి తెరవబోతున్నారు. యజమానురాలికి యాభై దగ్గర ఉంటాయి. అడిస్ అబాబాలో బడిలో జాగ్రఫీ చెప్పిన టీచర్. ఇక్కడికొచ్చాక ఎయిర్‌పోర్ట్ క్యాంటీన్‌లో ఏళ్ళ తరబడి పనిచేసింది. భర్త టాక్సీ నడుపుతాడు. తెరవడానికి ముందు చేసే తనిఖీకి మా సీనియర్ వెళ్ళారు. వంటిల్లు అద్దంలా ఉంది. అంతా బాగుందనుకుంటుండగా వెనక గదిలో మూతలు పెట్టిన పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు కనిపించాయి. మూత తీస్తే గోధుమరంగు పిండి, మీద బుడగలు, పైన తేరిన పసుపుపచ్చని నీళ్ళు.

"ఇది ఎప్పటినుంచి బయట ఉంది?"

"మొన్నటినుంచి. రేపటికి బాగా పులుస్తుంది" అని ఆమె సంతోషంగా చెప్పింది. దాచాల్సిన విషయమని ఆమెకి తోచలేదు.

మా సీనియర్ ఆ డబ్బాలన్నీ సింక్‌లో పారబోయించారు. మళ్ళీ ఎవరూ ఎత్తుకోకుండా పైన బ్లీచ్ పోయడం రూల్. అదీ పోయించారు. తెరిచే రోజు వాయిదా పడింది.

మర్నాడు ఆమె మా ఆఫీసుకి వచ్చింది. మంచి కోటు వేసుకుని, భుజాల మీదుగా అంచున్న తెల్లటి బట్ట కప్పుకుని వచ్చింది. కౌంటర్ దగ్గర నిలబడి, అరవకుండా, క్లాసులో పిల్లల్ని అడిగినట్టు అడిగింది.

"ఈ ఆఫీసులో పులిసిన పిండితో చేసింది తిని పెరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

అందరూ కంప్యూటర్లలోకి చూస్తున్నారు. నేను చెయ్యి పైకెత్తాను. బడిపిల్లలా ఎందుకు ఎత్తానో నాకే తెలియదు, ఆ గొంతు అలాంటిది.

ఆమె నన్ను పైనుంచి కిందదాకా చూసి, "అయితే నువ్వు చెప్పు సిస్టర్, వీళ్ళకి" అని వెళ్ళిపోయింది.

చెప్పాను. మా ఇళ్ళలో దోసెల పిండి రాత్రి రుబ్బి బయట పెడతామనీ, పొద్దున్నకి పొంగుతుందనీ, మంచి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడితే ఆ పులుపులో చెడ్డవి బతకలేవనీ నా పాత లెక్చర్ మొత్తం అప్పజెప్పాను. మా సూపర్‌వైజర్ గడ్డం నిమురుకుంటూ విన్నారు. మా సీనియర్ కూడా విన్నారు. ఆవిడ వినకుండా ఎప్పుడూ వాదించరు.

"నీ ఇంట్లో నువ్వు చేసుకుంటే అది నీ ఇష్టం" అన్నారు ఆవిడ. "ముక్కూ మొహం తెలియనివాళ్ళు మన సంతకం చూసి నమ్మి తింటారు. వాళ్ళకి నేనేం చెప్పను? మా కొలీగ్ వాళ్ళ అమ్మ ఇలాగే చేసేదని చెప్పనా?"

నేను కరెక్టే, ఆవిడా కరెక్టే.

మా సూపర్‌వైజర్ కుర్చీలోంచి లేచారు. "నేనెప్పుడూ తినని వంట గురించి తీర్పు చెప్పడం నాకు చేతకాదు. బుధవారం డ్యూటీ అయ్యాక ముగ్గురం వెళ్ళి తిందాం. మన పరిధిలో లేని చోట, మన సొంత ఖర్చుతో" అన్నారు.

అలా వెళ్ళాం, మా కౌంటీ అవతల ఉన్న అలెగ్జాండ్రియా ఊరికి. నాకు ఇథియోపియన్ భోజనం అదే మొదటిసారి. లోపలికి అడుగు పెట్టగానే వేయించిన కాఫీ గింజల వాసన, ఏదో సాంబ్రాణి వాసన. బల్లకి బదులు మూడు పీటల మధ్య పెద్ద అల్లికబుట్ట. దాని మీదే పళ్ళెం పెడతారట. ఒకమ్మాయి చెంబు, పళ్ళెం పట్టుకుని వచ్చి మా చేతుల మీద గోరువెచ్చటి నీళ్ళు పోసింది. మా సీనియర్ ముఖంలో ఆ సాయంత్రం కనిపించిన మొదటి సంతృప్తి అది.

నేను మాంసం తిననని చెబితే ఆ అమ్మాయి నవ్వింది. "ఈ రోజు బుధవారం కదా, మాకు ఉపవాసం. ఫాస్టింగ్ ఫుడ్ తెస్తాను. అందులో మాంసం, పాలు, గుడ్డు ఏదీ ఉండదు."

ఉపవాసం అంటే ఏ అరటిపండో తెస్తుందనుకున్నాను. చక్రంలాంటి పళ్ళెం నిండా పరిచిన ఒక పెద్ద మెత్తటి అట్టు వచ్చింది. దాని మీద ఎర్రటి పప్పు, పసుప్పచ్చటి పప్పు, ఆకుకూర, బీట్‌రూట్, క్యాబేజీ కూర కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. ముగ్గురికీ కలిపి ఒక్కటే పళ్ళెం. చెంచాల్లేవు.

నేను పీట కొంచెం వెనక్కి జరుపుకున్నాను. మీకు నవ్వొస్తుందేమో గానీ, నేను పెరిగిన ఇంట్లో ఎంగిలి అనేది చాలా పెద్ద మాట. మంచినీళ్ళ గ్లాసు పెదవికి తగిలించకుండా ఎత్తిపోసుకుని తాగేవాళ్ళం. పక్కవాళ్ళ కంచంలో చెయ్యి పెట్టడం ఊహకి కూడా అందని సంగతి. అమెరికా వచ్చి ఇన్నేళ్ళయినా ఆ ఒక్కటి నన్ను వదల్లేదు. ఆఫీసు బర్త్‌డేల్లో కొవ్వొత్తులు ఊదిన కేకు కూడా నేను తప్పించుకునేదాన్ని.

ఎదురుగా మా సీనియర్‌ని చూస్తే ఆవిడ పరిస్థితీ అంతే. కారణం వేరు, ముఖం మాత్రం ఒకటే. ఆవిడ సూక్ష్మజీవుల్ని చూస్తున్నారు, నేను మా నాయనమ్మని చూస్తున్నాను.

"ఇద్దరూ పళ్ళేన్ని తనిఖీ చేస్తారా, తింటారా?" అన్నారు మా సూపర్‌వైజర్, అప్పటికే ఒక ముక్క చింపుతూ.

ఆ అమ్మాయి మా తటపటాయింపు గమనించినట్టుంది. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూపించింది. ఎవరి ముందున్న భాగం వాళ్ళది. కుడిచేత్తో చిన్న ముక్క తుంచాలి, దానితోనే కూరని పట్టి చుట్టాలి, వేళ్ళు పెదవికి తగలకుండా నోట్లో వేసుకోవాలి. వేళ్ళు నాకడం మర్యాద కాదు. "చెయ్యి పళ్ళేనిది, నోరు మనది. రెండూ కలవకూడదు" అంది.

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది మా నాయనమ్మ కూడా ఒప్పుకునే పద్ధతి. ఒక ముక్క తుంచాను. కింద నున్నగా, పైన చిల్లులు చిల్లులుగా, తడిబట్టంత మెత్తగా ఉంది. నోట్లో పెట్టుకోగానే ఆ పులుపు తగిలింది. బాగా పులిసిపోయి మా అమ్మ ఉల్లిపాయలేసి ఊతప్పాలు పోసే పిండి పులుపు. ఎర్రపప్పు కారం ముక్కుదాకా వెళ్ళింది. శనగపిండితో చేసిన ముద్దకూర ఒకటుంది, షిరో అన్నారు. పూరీల్లోకి మనం చేసుకునే బొంబాయి చట్నీయే, వెల్లుల్లి దండిగా వేసి చిక్కగా ఉడికించినట్టుంది. కింద పరిచిన అట్టు కూరల రసాలన్నీ పీల్చుకుని అన్నిటికంటే రుచిగా తయారైంది. కొద్దిసేపట్లో నా ముందు భాగం ఖాళీ అయి, నేను పక్కనున్న సరిహద్దు వైపు చూస్తున్నాను. మా సూపర్‌వైజర్ తన వైపునుంచి క్యాబేజీ నా వైపు తోశారు. తిన్నాను. ఎంగిలి సంగతి ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది.

మా సీనియర్ ఫోర్క్ అడిగి తెప్పించుకున్నారు. ఫోర్క్‌తో ఇంజెరాని పట్టుకోవడం దుప్పటిని గరిటెతో మడతపెట్టడంలా ఉంది. కాసేపటికి ఫోర్క్ పక్కన పెట్టి, చేత్తో ముక్క ఒకటి చుట్టి తిన్నారు. ఇంకోటి తిన్నారు. కళ్ళు మూసుకుని నమిలారు.

"చాలా బాగుంది" అన్నారు. "కానీ బాగుండటం వేరు, సేఫ్‌గా ఉండటం వేరు. నువ్వు చెప్పు. ఆ పులుపు ఏ రోజుకి చాలినంత అవుతుంది? మొదటి రోజు ఎంత ఉంటుంది? పులుపు రాకముందు, ఆ మధ్య గంటల్లో పిండిలో ఏం పెరుగుతుంది?"

అడగాల్సిన ప్రశ్న అదే. నేను మైక్రోబయాలజీ చదివి, పాఠం చెప్పి కూడా మా ఇంటి పిండిని ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

"మా ఇంట్లో వాసన చూసి చెప్పేస్తాం" అన్నాను.

"నేను రిపోర్ట్‌లో ముక్కు రీడింగ్ రాయలేను" అన్నారు ఆవిడ. మా సూపర్‌వైజర్ పకపకా నవ్వారు. ఆవిడ నవ్వలేదు గానీ, పిడికెడు పాప్‌కార్న్ తీసుకున్నారు. అక్కడ కాఫీతోపాటు పాప్‌కార్న్ ఇస్తారు. ఆ చిన్న కప్పుల్లోని నల్లటి కాఫీ తాగుతూ ఆవిడే అన్నారు, "కొత్త పిండి కలపమనండి. మొదటినుంచీ నేనే కొలుస్తాను."

ఆ కబురు చెప్పడానికి నన్ను యజమానురాలి దగ్గరికి పంపారు. పారబోసిన మనిషిని మళ్ళీ వంటింట్లోకి రానివ్వమని ఎలా అడగను? దారంతా మాటలు కూడబలుక్కున్నాను. ఆమె అంతా విని, చేతులు కట్టుకుంది.

"సరే. కానీ ఆవిడే రావాలి. వేరేవాళ్ళని పంపితే ఒప్పుకోను."

"అదేంటి? ఆవిడంటే మీకు కోపం కదా?"

"కోపమే. ఒక్క మాట చెప్తాను సిస్టర్. ఆ రోజు ఆవిడ నా వంటింట్లో పొయ్యి వెనక గోడ దాకా వంగి చూసింది. నా టేబుళ్ళ కింద చెయ్యి పెట్టి చూసింది. ఇన్నేళ్ళు క్యాంటీన్‌లో పనిచేశాను, అంత శ్రద్ధగా చూసినవాళ్ళని చూడలేదు. ఆవిడ ఓకే అంటే ఇంక ఈ దేశంలో ఎవరూ కాదనలేరు."

ఆ పిండి కలిపే రోజు నేనూ ఉన్నాను. ఆవగింజకంటే చిన్న గింజ, టెఫ్ అంటారు, దాని పిండి. ఆమె నీళ్ళు పోసి మోచేతిదాకా గ్లవ్స్ వేసుకుని కలిపింది. ఆఖర్న ఒక సీసా తీసి అందులోని పసుపుపచ్చటి నీళ్ళు పోసింది. పెరుగుకి తోడులాంటిదన్నమాట. మా సీనియర్ అదేమిటని అడిగారు.

"పిండిమీద తేరే నీళ్ళు. కొంచెం తీసి దాచి, తర్వాతి పిండిలో కలుపుతాం. ఇది మా ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చాను. నాది ఈ దేశానికొచ్చిన కొత్తలో మొదలుపెట్టింది, ఏళ్ళ తరబడి ఆగకుండా నడిపించాను." అంతవరకే చెప్పి ఆమె సీసా మూత బిగించింది.

ఆ పాతది మేము పారబోయించిన డబ్బాలతోనే సింక్‌లోకి పోయిందని వేరే చెప్పక్కర్లేదు. మా సీనియర్ పులుపు కొలిచే మీటరు పిండిలో ముంచి, మొదటి అంకె రాసుకున్నారు. సారీ అనలేదు. అనడానికి ఆవిడ చేసింది తప్పని రూల్ చెప్పదు. కానీ ఆ రోజునుంచి పొద్దున్నే ఆఫీసుకి రాకముందే ఆవిడ కారు ఆ లాండ్రీ షాపు ముందు ఆగేది. సాయంత్రం ఇంటికెళ్తూ మళ్ళీ ఆగేది. అవి డ్యూటీ వేళలు కావు.

పిండి మాత్రం మొండికేసింది. ఏసీ చల్లదనానికి పులుపు ఎక్కడం లేదు. కొత్త తోడు కూడా బలంగా లేదు. ఆమె ముఖం రోజురోజుకీ వాడిపోతోంది. తెరవని షాపుకి అద్దె ఎన్నాళ్ళు కడతారు? భర్త వచ్చి, "రెడీమేడ్ ఇంజెరా కొనుక్కుందాం, వీళ్ళతో మనకెందుకు" అని గట్టిగానే అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మా సీనియర్ విని, ఏమీ అనకుండా, డబ్బాల్ని ఏసీ గాలి తగలని మూలకి తనే జరిపించారు. పిండి ఉన్న చోట వేడి ఎంతో కొలిచి, ఇంత ఉండాలని చెప్పారు.

ఆఖరి కొలతలనాడు అందరం అక్కడున్నాం. ఆమె, భర్త, మా సూపర్‌వైజర్, నేను. మా సీనియర్ మొదటి డబ్బాలో మీటరు ముంచారు. పులుపు ఎక్కువైతే దాని అంకె తగ్గుతుంది. అంకె నెమ్మదిగా దిగింది, మేము ఒప్పుకునే గీతకంటే బాగా కిందికి. ఆమె భర్త చప్పట్లు కొట్టబోతే మా సీనియర్ చెయ్యి అడ్డం పెట్టారు. మీటరు కడిగి రెండోది, మూడోది. అన్నీ పాస్. గోడ పక్కనున్న చివరి డబ్బా దగ్గర అంకె గీత పైనే ఆగిపోయింది. మళ్ళీ కడిగి మళ్ళీ చూశారు. అంతే.

మా సీనియర్ తలెత్తి ఆమె వైపు చూశారు. ఆవిడ నోరు తెరిచే లోపే ఆమె వంగి ఆ డబ్బా ఎత్తుకుంది. ఎవరి సాయం లేకుండా సింక్ దాకా మోసి, తనే పారబోసి, బ్లీచ్ సీసా కోసం తనే చెయ్యి చాచింది.

"నా గెస్టులు తినేది కదా" అంది.

సర్వీసులో ఎన్నో పాస్‌లు, ఫెయిల్‌లు చూశాను. ఒకరినొకరు అంతగా గౌరవించుకున్న ఇద్దరు మనుషుల్ని ఒకే వంటింట్లో చూడటం మాత్రం అదే. రూల్ తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారమ్మా. రూల్ ఎందుకు పుట్టిందో గుర్తుపెట్టుకుని, తన లెక్క తప్పేమోనని పొద్దున్నే వెళ్ళి నిలబడేవాళ్ళు తక్కువ. ఆ తర్వాత మా కౌంటీలో పులిసిన పిండికి పద్ధతి రాసింది మా సీనియరే. మన దోసెల పిండికి కూడా అదే పనికొచ్చింది. ఆ సంగతి అక్కడి ఇండియన్ హోటళ్ళవాళ్ళకి తెలియదు.

రెస్టారెంట్ తెరిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం, ఉద్యోగం కోటు ఇంట్లో వదిలేసి, మామూలు మనుషుల్లా వెళ్ళాం. మా సూపర్‌వైజర్, ఆయన భార్య, మావారు, మా అమ్మాయి, నేను ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్నాం. "అమ్మా, ఇది దోసా లాగే ఉంది, బట్ సో సోర్!" అంటూనే మా అమ్మాయి మావారి వైపు కూడా ఆక్రమించేసింది. "మీ ఆఫీసువాళ్ళు తిండి పారబోయిస్తారనుకున్నానే, పెట్టిస్తారు కూడానా?" అన్నారు మావారు నాతో. మా సీనియర్ ఆలస్యంగా, ఒంటరిగా వచ్చి, మా పక్కన పీట లాక్కుని కూర్చున్నారు.

యజమానురాలు వంటింట్లోంచి వచ్చింది. ముందు మూలనున్న సింక్ దగ్గర ఆగి, తీరిగ్గా సబ్బుతో చేతులు కడుక్కుంది. తర్వాత మా పళ్ళెంలోంచి ఇంజెరా ముక్క తుంచి, పప్పూ ఆకుకూరా పెట్టి, ముద్దలా చుట్టింది. వాళ్ళలో దాన్ని గుర్షా అంటారు. ఇష్టమైన మనిషికి తన చేత్తో నోట్లో పెట్టడం, మన గోరుముద్దలాగే. ఎవరికి పెడుతుందోనని చూస్తున్నాం. ఆ ముద్దని తీసుకెళ్ళి మా సీనియర్ నోటి ముందు పట్టుకుంది.

వడ్డించే తిండిని వట్టి చేత్తో ముట్టుకోకూడదని మా పుస్తకంలో రూల్. జీవితమంతా ఆ రూల్ కింద ఎంతమందికి రిపోర్ట్ రాశారో ఆవిడకే తెలియదు. మా సూపర్‌వైజర్ నమలడం ఆపేశారు. ముద్ద గాల్లో అలాగే ఉంది.

"చెయ్యి కడుక్కున్నాను" అంది ఆమె.

"తెలుసు. చూస్తూనే ఉన్నాను" అని మా సీనియర్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, నోరు తెరిచారు.